గాజు గొట్టంలో ఓడిన మందు

కోనసీమ పల్లెల్లో ఒక రక్తపరీక్షకి రాత్రి దాకా ఆగాలి. భోజనాలై, అరుగుల మీద మాటలు సద్దుమణిగే వేళకి ఫైలేరియా సిబ్బంది బయల్దేరతారు. ఎనిమిదిన్నర దాటాక మొదలుపెట్టి అర్ధరాత్రి దాకా ఇల్లిల్లూ తిరుగుతారు. వేలికొస పొడిచి, నెత్తురు చుక్కను గాజుపలక మీద మూడు గీతలుగా పరిచి, పేరు రాసుకుని పక్కింటికి పోతారు. అదే మనిషి, అదే వేలు, అదే సూది. కానీ పగటిపూట తీస్తే ఆ పలక మీద సాధారణంగా ఏమీ కనబడదు. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాగి ఉంటాయి. రాత్రి పది నుంచి రెండు దాకా చర్మం కిందకి వచ్చి తిరుగుతాయి. ఈ రోగాన్ని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేది కూడా ఆ వేళకే.

రక్తంలోని పురుగుకి దోమ వేళ ఎలా తెలిసిందన్నది ఎంత ఆలోచించినా తరగని ఆశ్చర్యం. 1877లో చైనా తీరాన అమాయ్‌లో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్, ఈ పురుగు దోమ కడుపులో ఎదుగుతుందని గుర్తించాడు. ఒక రోగక్రిమి మనిషి నుంచి మనిషికి చేరడానికి మధ్యలో కీటకాన్ని వాహనం చేసుకుంటుందని వైద్యశాస్త్రం నేర్చుకున్న తొలిపాఠాల్లో అదొకటి. పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల్లో ఈ రోగాన్ని మోసే దోమ పగలు కుడుతుంది. అక్కడ ఈ పురుగు పిల్లలు పగలు కూడా రక్తంలో తిరుగుతూనే ఉంటాయి. దాక్కోవడంలోనూ బయటపడటంలోనూ ఇంత లెక్క ఉన్న శత్రువు మీదికి పంపిన మందు కూడా ఒక విచిత్రమైన మందే కావడం నన్ను చాలాకాలంగా ఆలోచనలో పెడుతోంది.

ముందు ఈ నేల సంగతి. గోదావరి గౌతమి, వశిష్ఠ పాయలుగా విడిపోయి, మధ్యలో కోనసీమను పెట్టుకుని సముద్రానికి సాగుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ మళ్ళీ చీలి రాజోలు వైపును విడదీస్తుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు వచ్చాయి, వరి వచ్చింది, కొబ్బరి పెరిగింది, కరువు వెనక్కి తగ్గింది. అయితే నీళ్ళు తెచ్చుకోవడం ఒక విద్య, పంపించడం మరో విద్య. సముద్రం దాకా దాదాపు సమతలంగా ఉన్న నేలలో పంటబోదెకి చూపినంత శ్రద్ధ మురుగుకోడుకి చూపడం కష్టం. ఇంటి వెనక నిలిచిన మురికినీరే క్యూలెక్స్ దోమకి పురిటిల్లు. దేశంలో ఫైలేరియా నివారణ కార్యక్రమం 1955లో మొదలైంది. అప్పటి తూర్పుగోదావరి జిల్లాతో దాని అనుబంధం పాతది.

ఈ రోగానికి తొందర లేదు. దోమ దించిన పిల్ల శోషరస నాళాల్లోకి చేరి, నెలల తరబడి పెరిగి, దారప్పోగు లాంటి పురుగు అవుతుంది. ఆడపురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల పొడవుంటుంది. అయిదారేళ్ళు, అంతకుమించి కూడా బతికి లక్షల పిల్లల్ని రక్తంలోకి వదులుతుంది. ఒక్కో పిల్ల పొడవు మిల్లీమీటరులో నాలుగోవంతుకి కాస్త ఎక్కువ. ఇంత సంసారం ఒంట్లో నడుస్తున్నా చాలామందికి ఏ బాధా తెలియదు. కొందరికి ఉన్నట్టుండి చలిజ్వరం వస్తుంది, గజ్జల్లో బిళ్ళ కడుతుంది, నాలుగు రోజులకి తగ్గుతుంది. ఏళ్ళు గడిచాక కాలు బరువెక్కుతుంది. కాలు వాచేనాటికి రక్తంలో పిల్లపురుగులు చాలామందిలో ఉండనే ఉండవు. రోగం ఇతరులకి అంటించగలిగినప్పుడు కనబడదు. కనబడేనాటికి అంటించే శక్తి చాలావరకు పోయి ఉంటుంది. ఊరు జాలిగానో భయంగానో చూసేది వాచిన కాలిని. దోమ మోసుకుపోయేది మాత్రం బాగా ఉన్నట్టు కనిపించే మనిషి రక్తాన్ని.

రాజోలు వైపు నుంచి చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటి పాలకొల్లు మీదుగా పోతే భీమవరం. ఈ రోగానికి మందు తెచ్చిన బృందాన్ని నడిపించిన యల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న అక్కడ పుట్టాడు. అన్న పురుషోత్తం స్ప్రూ అనే జీర్ణవ్యాధితో పోయాడు. అదే వ్యాధి తనకీ సోకితే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డాడు. మద్రాసులో వైద్యం చదివాడు. మామగారి సాయం, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి ఇచ్చిన ఆసరా తోడుగా 1922లో బోస్టన్ చేరాడు. హార్వర్డులో ఫిస్కే అనే పరిశోధకుడితో కలిసి రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. కండరానికి శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, ఏటీపీని వెలికితీసిన వాళ్ళలో ఒకడయ్యాడు. 1940లో లెడర్లీ మందుల సంస్థ ప్రయోగశాలలకి వెళ్ళాక ఆయన బృందం పెద్దదైంది. 1945లో ఆ బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నని తీసుకుపోయిన జబ్బులో రక్తం క్షీణించకుండా కాపాడే పదార్థం అది; అన్న పోయిన ఎన్నో ఏళ్ళ తరవాత చేతికొచ్చింది.

బోదకాలు మందు కథ కూడా ఇలాగే కాస్త పక్కదారిన నడిచింది. గోదావరి ఒడ్డున పుట్టినవాడికి ఈ రోగం కొత్త కాదు. కానీ ఆ పనికి తొందరపెట్టింది గోదావరి జిల్లాలు కావు. రెండో ప్రపంచయుద్ధంలో పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికా సైనికులు వేలమంది ఈ పురుగు బారిన పడ్డారు. వేల ఏళ్ళుగా రైతుకూలీల కాళ్ళమీద బతికిన రోగం కొద్ది నెలలు సిపాయిల కాళ్ళ జోలికి రాగానే ప్రయోగశాలల్లో దీపాలు వెలిగాయి. ఇందులో కోపానికి చోటుందేమో కానీ, నాకు మిగిలేది కృతజ్ఞతే. ఎవరి అవసరం కోసం తవ్వినా బావిలో నీళ్ళు అందరివీ అవుతాయి.

అప్పటిదాకా ఈ పురుగు మీద వాడి చూసినవి ఆర్సెనిక్, ఆంటిమొనీ మందులు. పురుగుకి విషమైనవి మనిషికీ విషమే. లెడర్లీ రసాయనజ్ఞులు వేరే దారి పట్టారు. పైపెరజైన్ అనే చిన్న వలయాన్ని తీసుకున్నారు: ఆరు పరమాణువులు, వాటిలో ఎదురెదురుగా రెండు నైట్రోజన్లు. ఆ రెండు నైట్రోజన్లకీ రెండు చేతులు తగిలించవచ్చు. ఒక చేతిని మార్చి, రెండోదాన్ని మార్చి, పొడుగు చేసి, పొట్టి చేసి, ఒకదాని తరవాత ఒకటిగా సమ్మేళనాలు తయారుచేశారు. ప్రతిదాన్నీ సహజంగానే ఫైలేరియా జాతి పురుగు సోకిన కాటన్ రాట్ అనే అమెరికా ఎలుకలకి ఇచ్చి, తోక రక్తంలో పిల్లపురుగులు తగ్గాయో లేదో చూశారు. ఎలుకల్లో నెగ్గినదాన్ని కుక్కల్లో చూశారు. చివరికి నిలిచిన సమ్మేళనంలో ఒక నైట్రోజన్‌కి ఒక్క మిథైల్, రెండోదానికి డైఇథైల్ కార్బమైల్. అదే డైఇథైల్ కార్బమజైన్, నోరు తిరగనివాళ్ళకి డీఈసీ, పాతతరం వాళ్ళకి హెట్రజాన్. 1947లో అచ్చయిన పరిశోధనపత్రం మీద ఆరు పేర్లున్నాయి. మొదటిది హ్యూయిట్, ఆరోది సుబ్బారావు. ఆ ఏడాదే ప్యూర్టోరికోలో రోగులకి ఇచ్చి చూశారు. రక్తంలోంచి పిల్లపురుగులు మాయమయ్యాయి.

అసలు విచిత్రం ఇక్కడ మొదలవుతుంది. రక్తంలోంచి తీసిన పిల్లపురుగుల్ని గాజు గొట్టంలో వేసి, మనిషి రక్తంలో ఉండేపాటి మోతాదులో ఈ మందు కలిపితే, అవి చావవు. గంటల తరబడి అలాగే మెలికలు తిరుగుతూ ఉంటాయి. అదే మందు మనిషి మింగితే కొద్దిసేపటికే రక్తం దాదాపు ఖాళీ అవుతుంది. శత్రువునీ ఆయుధాన్నీ ఎదురెదురుగా, అడ్డం లేకుండా నిలబెట్టినప్పుడు ఆయుధం ఓడిపోతోంది. మధ్యలో మనిషి ఒళ్ళు వచ్చి నిలబడగానే గెలుస్తోంది.

సూక్ష్మజీవుల మీద కొత్త మందుల వేట ఇవాళ సాధారణంగా గాజుతోనో ప్లాస్టిక్‌తోనో మొదలవుతుంది. తొంభై ఆరు చిన్న గుంటలున్న ఒక పలక తీసుకుంటారు. ప్రతి గుంటలో బాక్టీరియా పెరిగే రసం పోస్తారు. మొదటి గుంటలో కొత్త సమ్మేళనం ఎక్కువగా, తరవాతి దాంట్లో సగం, ఆ తరవాత అందులో సగం, అలా పలచన చేస్తూ పోతారు. రాత్రంతా వెచ్చగా ఉంచి మర్నాడు వెలుతురుకి పట్టి చూస్తారు. రసం మబ్బు పట్టిన గుంటలో సూక్ష్మజీవి గెలిచినట్టు, తేటగా ఉన్న గుంటలో మందు గెలిచినట్టు. ఎంత తక్కువ మందుతో తేటగా నిలిచిందో అదే దాని కొలత. ఎంతో అందమైన పరీక్ష, నిజాయతీ గల పరీక్ష. వేల సమ్మేళనాల్లోంచి పనికొచ్చేదాన్ని ఏరడానికి ఇంతకంటే చవకైన దారి లేదు. అయితే ఇలాంటి పరీక్షే మొదటి గడప అయి ఉంటే డీఈసీ ఆ గడప దాటేది కాదు. ఎలుకతో మొదలుపెట్టడం వల్లనే అది బతికింది.

ఇది ఒక్క డీఈసీ కథే అనుకోవడానికీ వీల్లేదు. సూక్ష్మజీవుల మీద మనిషి తయారుచేసిన తొలి విజయవంతమైన మందుల్లో ఒకటైన ప్రాంటోసిల్‌దీ ఇదే దారి. 1935లో గెర్హార్డ్ డోమాక్ లోకానికి చెప్పిన ఆ ఎర్రరంగు పదార్థం ఎలుకల్లో స్ట్రెప్టోకాకస్‌ను అణిచింది కానీ, గాజు గొట్టంలో ఏమీ చేయలేకపోయింది. పారిస్ పాశ్చర్ సంస్థలో పరిశోధకులు అదే ఏడాది కారణం తేల్చారు. ఒంట్లోకి వెళ్ళాక ఆ అణువు రెండుగా విరుగుతుంది. విరగగానే ఎర్రరంగు పోతుంది, ఒక ముక్క అయిన సల్ఫనిలమైడ్ సూక్ష్మజీవిని పట్టుకుంటుంది. అసలు మందును తయారుచేసింది కర్మాగారం ఒక్కటే కాదు, రోగి శరీరం కూడా.

డీఈసీ విషయంలో శరీరం చేసే పని ఇంకా లోతైనది. 1950 ప్రాంతాల్లో లండన్‌లో ఫ్రాంక్ హాకింగ్ దీని వెంట పడ్డాడు. విశ్వం పుట్టుక గురించి ఆలోచించిన స్టీఫెన్ హాకింగ్‌కి ఈయన తండ్రి. మందు ఇచ్చిన ఎలుకల్లో పిల్లపురుగులు నిమిషాల్లో రక్తంలోంచి తప్పుకుని కాలేయంలో చేరడం, వాటి చుట్టూ భక్షక కణాలు మూగి తినేయడం ఆయన బృందం చూసింది. చాలా ఏళ్ళకి, 2005లో, మరో ప్రయోగం ఈ సంగతిని ఖాయం చేసింది. నైట్రిక్ ఆక్సైడ్‌ను తయారుచేసే ఒక జన్యువును తీసేసిన చిట్టెలుకల్లో డీఈసీ పనిచేయలేదు. మందు అదే, పురుగు అదే. ఎలుక తన వంతు పని చేయలేకపోయింది. ఈమధ్య మరికొందరు ఈ మందు పురుగు కండరాల మీద నేరుగా కొద్దిసేపు పక్షవాతం లాంటిది తెస్తుందని కూడా చూపించారు. అయినా ఆ కొద్దిసేపట్లో పని ముగించవలసింది శరీరమే. దొంగను పట్టేది ఊరి జనమే; మందు చేసేది అరుగు మీద నుంచి లేచి 'అదుగో' అని వేలు చూపించడం.

చికిత్స అంటే రామబాణం అన్న ఊహ మనకి బాగా అలవాటు. శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ కూడా నూరేళ్ళకి పైగా కిందట అలాంటి తూటానే కలగన్నాడు. మధ్యలో ఎవరినీ తాకకుండా సూక్ష్మజీవినే వెదికి కొట్టాలి, మిగిలిన ఒళ్ళంతా ఊరికే చూస్తూ ఉండాలి. ఆ కల చాలా ప్రాణాలు కాపాడింది, ఇంకా కాపాడుతుంది. కానీ డీఈసీ లాంటివి చూసినప్పుడు మందు శక్తి అన్నది అణువులో మూటకట్టి పెట్టిన సొమ్ము కాదనిపిస్తుంది. అది అణువుకీ ఒంటికీ మధ్య కుదిరే ఒప్పందం. ఒప్పందంలో రెండో పక్షం లేకపోతే మొదటి పక్షం ఎంత బలమైనదైనా కాగితమే.

ఈ మందుకి ఇంకో గుణం ఉంది. పగలు ఒక్క మాత్ర ఇస్తే, ముప్పావుగంటలోనో గంటలోనో ఊపిరితిత్తుల్లో దాగిన పిల్లపురుగులు కొన్ని చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. రాత్రి పరీక్ష వీలుకాని చోట దీన్ని ఆధారం చేసుకునే పగటి పరీక్ష పెట్టుకున్నారు. చంపవలసిన మందే ముందు శత్రువుని వెలుగులోకి పిలుస్తుంది.

మరో గుణం ఇంటి గుమ్మం దగ్గర బయటపడుతుంది. 2004 నుంచి దేశంలో బోదకాలు జిల్లాల్లో ఏడాదికొకసారి అందరికీ డీఈసీ మాత్రలు పంచడం మొదలైంది. రెండేళ్ళు నిండిన పిల్లలకి ఒకటి, ఆరేళ్ళ నుంచి రెండు, పదిహేను నిండినవాళ్ళకి మూడు. గర్భిణులకి, తీవ్రంగా జబ్బుపడినవాళ్ళకి ఇవ్వరు. పరగడుపున వేయరు. ఏ ఊళ్ళోనైనా ఆ సంభాషణ ఒకలాగే సాగుతుంది.

"మామ్మగారూ, అన్నం తిన్నారా? తింటే ఈ మూడూ నా ఎదురుగా వేసేసుకోండి."

"నాకేం జబ్బు లేదు కదే అమ్మాయ్. ఉన్నవాళ్ళకి ఇచ్చుకో. పోయినేడు మీరిచ్చిన బిళ్ళలు మింగి మా వాడికి రాత్రంతా జ్వరం కాసింది. మింగనివాడు హాయిగా ఉన్నాడు."

మామ్మగారి మాటలో రెండు ప్రశ్నలున్నాయి. రెండూ తోసిపుచ్చదగినవి కావు. జ్వరం సంగతి చూస్తే, ఒంట్లో పిల్లపురుగులు లేనివాడికి ఈ మందు చాలావరకు తెలియకుండానే వెళ్ళిపోతుంది. ఎక్కువగా ఉన్నవాడిలో అవి ఒక్కసారిగా చచ్చినప్పుడు శరీరం స్పందించి జ్వరం, తలనొప్పి, కళ్ళు తిరగడం వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. అంటే ఎవరికి ఈ మందు ఎక్కువ అవసరమో వాళ్ళనే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. ఎవరి మీద బాగా పనిచేసిందో వాళ్ళే దాన్ని తిట్టుకుంటారు. మందు పనిచేస్తోందనడానికి ఉన్న గుర్తు, మందు చెడ్డదనడానికి సాక్ష్యమైపోతుంది. ఆ రాత్రి పక్కన కూర్చుని ఇది ఎందుకు వచ్చిందో చెప్పే మనిషి ఉంటే, వచ్చే ఏడు ఆ ఇంట్లో అందరూ మింగుతారు. లేకపోతే ఎంత మంచి అణువైనా దొడ్లో అరటిచెట్టు మొదట్లోకి పోతుంది.

మామ్మగారి మొదటి ప్రశ్న ఇంకా గట్టిది. జబ్బు లేనివాళ్ళు మందెందుకు మింగాలి? జబ్బున్నట్టు కనబడేవాళ్ళ రక్తం తరచు ఖాళీ, కనబడనివాళ్ళ రక్తంలోనే పిల్లపురుగులు. కాబట్టి ఊరంతా మింగాలి. పైగా ఈ మాత్ర పెద్దపురుగుల్లో కొన్నిటినే చంపుతుంది. మిగిలినవి కొన్నాళ్ళకి మళ్ళీ పిల్లల్ని పెడతాయి. అందుకే ఏడాదికొకసారి చొప్పున కనీసం అయిదేళ్ళు సాగాలని, ప్రతిసారీ మొత్తం జనాభాలో నూటికి అరవై అయిదు మందైనా మింగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. మందు రెండు మూడు రోజుల్లో ఒంట్లోంచి వెళ్ళిపోతుంది. కానీ దాని పని వీధిలో, దోమలో, ఇంకా దోమ కుట్టని పిల్లవాడి కాలిలో కొనసాగుతుంది. మామ్మగారు మింగిన మూడు మాత్రల ఫలితం ఆమె ఒంట్లో వెదికితే దొరకకపోవచ్చు. పక్కవీధిలో ఇరవై ఏళ్ళ తరవాత వాచకుండా మిగిలిన ఒక కాలు ఆ ఫలితం. జరగని రోగానికి ఎవరూ దండ వేయరు.

ఒంట్లో తోడు లేనిదే పనిచేయని మందు, ఊళ్ళోనూ తోడు లేనిదే పనిచేయదన్నమాట. గాజు గొట్టంలో కనిపించిన బలహీనత కోనసీమ గడపల్లో మరో రూపంలో కనిపిస్తుంది. ఒక్కడే మింగితే మళ్ళీ ఆ దోమే, ఆ వీధే. చైనాలో ఈ సంగతి గ్రహించి మందును వంట ఉప్పులో కలిపారు. వేడికి చెడిపోని అణువు కనుక కూరలో ఉడికినా నిలిచింది. ఊళ్ళకి ఊళ్ళు అన్నంతో పాటే మందు తిన్నాయి. 2007 నాటికి ఆ దేశం ఈ రోగం నుంచి బయటపడింది.

ఇన్ని చేసిన మందు ఒక చోట చేతులెత్తేస్తుంది. అప్పటికే వాచి గట్టిపడిన కాలిని అది మామూలు కాలుగా చేయలేదు. అలాంటివాళ్ళని పదేపదే మంచాన పడేసే జ్వరాలకి కారణం చాలాసార్లు పురుగు కూడా కాదు. వేళ్ళ సందుల్లో ఒరిసిన చర్మం ద్వారా లోపలికి వెళ్ళే బాక్టీరియా. దానికి విరుగుడు రోజూ సబ్బుతో మెత్తగా కడగడం, వేళ్ళ మధ్య తడి లేకుండా గుడ్డతో అద్దడం, పగుళ్ళకి లేపనం రాయడం, కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకోవడం, చెప్పులు వేసుకోవడం. వందలాది సమ్మేళనాలు కూర్చి తూచిన విద్య ఆగినచోట ఒక బకెట్టు నీళ్ళు, ఒక సబ్బుబిళ్ళ, ఓపికగా వంగి కడిగే ఇంటిమనిషి పని అందుకుంటాయి. దీన్ని విజ్ఞానం ఓటమి అనడానికి నాకు మనసొప్పదు. ఏ కాలుకి ఏది అవసరమో తేల్చి చెప్పిందీ ఆ విజ్ఞానమే.

కథలో ఇంకో మలుపుంది. 1948లో లెడర్లీ నుంచే ఆరియోమైసిన్ వచ్చింది. వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి తీసిన ఈ మందు టెట్రాసైక్లిన్ కుటుంబంలో పెద్దది. అది బాక్టీరియా మందు కనుక బోదకాలు పురుగుతో దానికి సంబంధం ఉంటుందని అప్పట్లో ఎవరూ అనుకోలేదు. తరవాత తెలిసిందేమిటంటే, ఈ పురుగు కూడా ఒంటరిది కాదు. దాని కణాల్లో వోల్బాకియా అనే బాక్టీరియా కాపురం ఉంటుంది. అది లేకపోతే పురుగు పిల్లల్ని పెట్టలేదు, చివరికి బతకనూ లేదు. టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన డాక్సీసైక్లిన్ కొన్ని వారాలు ఇస్తే ఆ బాక్టీరియా చచ్చి, పురుగు గొడ్డుబోతుంది. ఒకే ప్రయోగశాల ఏడాది తేడాలో లోకానికిచ్చిన రెండు మందుల దారులు అర్ధశతాబ్దం దాటాక ఒకే పురుగు దగ్గర కలిశాయి. ఒకటి మనిషికున్న తోడును లేపుతుంది, రెండోది పురుగుకున్న తోడును తీసేస్తుంది. ఆ రెండు పనులూ జరుగుతున్న నాటికి ఆ సంగతి ఆ ప్రయోగశాలలో ఎవరికీ తెలియదు.

సుబ్బారావుకి అది తెలిసే అవకాశమే లేకపోయింది. 1948 ఆగస్టులో న్యూయార్కులో నిద్రలోనే పోయాడు. యాభై మూడేళ్ళు. బయల్దేరాక మళ్ళీ ఇంటిగడప తొక్కలేదు. ఆయన మందు మాత్రం ఇంటికి వచ్చింది. ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థకి ఐసాయ్ అనే జపాన్ సంస్థ ఉచితంగా ఇస్తున్న డీఈసీ మాత్రలు విశాఖపట్నం కర్మాగారంలో తయారవుతాయి. మొదట 220 కోట్ల మాత్రలు ఇస్తామని మాట ఇచ్చి, 2013లో పంపడం మొదలుపెట్టారు. వాటిని అందుకునే దేశాల్లో పసిఫిక్ దీవులు కూడా ఉన్నాయి. సైనికుల కోసం ఆ దీవుల రోగానికి మందు వెదికిన మనిషి పుట్టిన తీరం నుంచి, ఆ దీవుల జనానికి మందు వెళుతోంది.

మాత్ర మింగేవాళ్ళలో ఆయన పేరు తెలిసినవాళ్ళు తక్కువ. 1995లో మన తపాలాశాఖ ఒక బిళ్ళ వేసింది, ఒక శిలీంధ్రానికి ఆయన పేరు పెట్టారు. అంతకుమించి ఆయన కోరుకున్నట్టూ కనిపించదు. పత్రం మీద ఆరోపేరుగా ఉండటానికి సమ్మతించిన మనిషి. ఆ మందు స్వభావానికీ ఆ మనిషి స్వభావానికీ పోలిక నేను వెదికి తెచ్చుకున్నది కాదు. వాస్తవాలు పక్కపక్కన పెడితే దానంతట అదే కనబడుతుంది. పనిని తన ఒక్కడి పేరు మీద రాసుకోని మనిషి నడిపిన చోట, ఒంటరిగా ఏమీ చేయలేని మందు పుట్టింది.

ముందున్న చిక్కు ఒకటుంది, దాన్ని దాచడం మంచిది కాదు. మందు గెలిచే కొద్దీ వాచిన కాళ్ళు వీధుల్లో తగ్గుతాయి. వాచిన కాలు చూడని తరానికి మాత్ర ఎందుకో అర్థం కాదు. రోగం భయపెట్టినన్నాళ్ళు మందుకి గౌరవం, మందు గెలిచాక అనుమానం. పూర్తిగా గెలవకముందే గెలిచినట్టు కనిపించడం ఏ మందుకైనా అన్నిటికంటే ప్రమాదకరమైన దశ. ఆ దశను దాటించే సమ్మేళనం ఏ రసాయనజ్ఞుడూ చేయలేడు. 'నాకేం లేదు కదా' అన్న మామ్మగారికి విసుక్కోకుండా జవాబు చెప్పే ఆశా కార్యకర్త మాత్రమే దాటించగలదు.

ఇప్పుడు కంప్యూటర్లు అణువుల్ని ఊహిస్తున్నాయి, యంత్రాలు రోజుకి వేల గుంటల్లో వాటిని పరీక్షిస్తున్నాయి. మందులకి లొంగని బాక్టీరియా పెరుగుతున్న కాలంలో అంత వేగం కావాలి. అయితే పరీక్ష ఎప్పుడూ మందును మాత్రమే కొలవదు, మనం వేసిన ప్రశ్నను కూడా కొలుస్తుంది. 'నువ్వొక్కదానివే చంపగలవా?' అని అడిగితే డీఈసీ లేదనే చెబుతుంది, నిజమే చెబుతుంది. 'తోడిస్తే ఏం చేయగలవు?' అని అడిగినప్పుడే దాని జవాబు మారింది. కొత్త సమ్మేళనాల వేటలో ఉన్నవాళ్ళు ఈ రెండో ప్రశ్నకి కూడా ఒక బల్ల, ఒక ఎలుక, కొంత డబ్బు, కొంత ఓపిక కేటాయించాలని నా ఆశ. మొదటి ప్రశ్నకి తప్పిన వాటిలో మరో డీఈసీ ఉండవచ్చు. ఉన్నా లేకపోయినా, ఆ ప్రశ్న అడగడానికి కారణం కోనసీమకి తెలుసు. ఇక్కడి కాళ్ళు నిలబడింది ఒంటరిగా గెలవలేని మందు మీదే.